పాత లివర్ రైఫిల్ దారికి రావాలంటే

(హన్మకొండలో ఆయుధ లైసెన్సుదారులు, షూటింగ్ ఇష్టపడే మిత్రులు కలుసుకున్న సందర్భంలో ఒక రిటైర్డ్ ఫిట్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు. వెనక వరుసల్లో ఎన్.సి.సి. పిల్లలు కూడా కనిపిస్తున్నారు, సంతోషం. రైఫిల్ తెచ్చారా అని వస్తూనే ఇద్దరు ముగ్గురు అడిగారు. తేలేదు. జనం చేరిన చోటికి ఆయుధం తీసుకురాకూడదు. తెర మీద బొమ్మలు పెట్టించాను, వాటిని చూస్తూ మాట్లాడుకుందాం.

నేను కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఒక మార్లిన్ 39ఎ ఉంది. .22 రైఫిల్, అంటే బ్యారెల్ రంధ్రం అంగుళంలో దాదాపు 22 వందో వంతులు. లివర్‌తో పనిచేసేది, ట్రిగ్గర్ దగ్గరుండే ఆ పిడిని ముందుకీ వెనక్కీ ఆడిస్తే తూటా ఎక్కుతుంది. మా నాన్నగారి లైసెన్సు మీద ఉండేది, ఆయనకు డెబ్భై నిండాక నా పేరు మీదికి మారింది. ఈ సంగతి చాలా ఇళ్లల్లో తెలియదు కాబట్టి ముందే చెప్తున్నాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన పోయాక కాగితాల కోసం తిరగడం కంటే ఇది ఎంతో మేలు.

మన దేశంలోకి ప్రైవేటు వాళ్లు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల మధ్య నుంచి దాదాపు ఆగిపోయింది. పేరున్న షూటర్లకు తప్ప మామూలు వాళ్లకు దారి లేదు. అంటే మన చేతుల్లో ఉన్న మార్లిన్లు, వించెస్టర్లు, బ్రౌనింగులు అన్నీ పాతవే. పాడైతే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం, విడి భాగాలు దొరకడం ఇంకా కష్టం. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను: పాత రైఫిల్‌లో ఇనుమును అరగదీయకండి. దాని జబ్బుల్లో ఎక్కువ భాగం మురికి వల్ల, వదులైన స్క్రూల వల్ల, దానికి పడని తూటా వల్ల వచ్చేవే. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే. ఒక్క ఇనుప రజను కూడా రాలకుండా సరిచేసుకోవచ్చు.

చట్టం కూడా అదే చెప్తుంది. 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకులు రిపేరు చేయడానికీ, మార్చడానికీ విడిగా లైసెన్సు ఉండాలి. శుభ్రం చేసుకోవడం, నూనె పెట్టుకోవడం మన పని. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ని పట్టి ఉంచే భాగం) అరగదీయడం, స్ప్రింగు మార్చడం లైసెన్సున్న గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే అతని పని. మనకు వైస్ ఉంది, ఆకురాయి ఉంది, చెయ్యి తిరిగిన పనివాళ్లం అని ఆ గీత దాటొద్దు.

ఈ రైఫిల్ వంశం గురించి రెండు మాటలు. .22 షార్ట్ తూటా 1857లో వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా కాల్చే .22 లాంగ్ రైఫిల్ 1887లో వచ్చింది. షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడింటినీ ఒకే రైఫిల్‌లో కాల్చే ఏర్పాటుతో మార్లిన్ వాళ్లు 1891లో ఒక లివర్ రైఫిల్ చేశారు. ఆనీ ఓక్లీ తన ప్రదర్శనల్లో మార్లిన్ వాడింది. ఆ డిజైనే 1897లో ఒకసారి, తర్వాత మోడల్ 39గా, 1939లో 39ఎగా మారుతూ వచ్చింది. మైక్రో గ్రూవ్ అని పేరు పెట్టి బ్యారెల్ లోపల 16 సన్నని గాడులు వేయడం 1950లలో మొదలైంది. వించెస్టర్ 9422 అయితే 1972 నుంచి 2005 దాకా తయారైంది. బ్రౌనింగ్ బి.ఎల్.-22ని జపాన్‌లో మిరోకు వాళ్లు చేస్తారు. దాని లివర్ 33 డిగ్రీలు కదిలితే చాలు, గ్రిప్ మీద చెయ్యి తీయక్కర్లేదు. మూడూ మంచివే. నాకు తెలిసింది మార్లిన్ కాబట్టి ఎక్కువగా దాని గురించే చెప్తాను.

ఇప్పుడు తూటా సంగతి. పెద్ద తూటాలకు అడుగున మధ్యలో క్యాప్ ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దెబ్బకి పిన్ వచ్చి అక్కడ కొడుతుంది. .22కి అలా ఉండదు. అడుగు అంచు లోపల బోలుగా ఉంటుంది, పేలే మందు ఆ అంచు చుట్టూ పరుచుకుని ఉంటుంది. పిన్ ఆ అంచు మీద కొట్టాలి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే తగలడానికి అక్కడ అంచు ఉండదు, పిన్ పోయి ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది అంచుకే తగిలే ప్రమాదం ఉంది. అలా కొట్టీ కొట్టీ ఛాంబర్ నోట్లో ఒక చిన్న గడ్డ లేస్తుంది. తర్వాత తూటా సరిగ్గా కూర్చోదు, కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి ఖోఖా బయటికి రాదు. పాత .22లు కొనేటప్పుడు నేను మొదట టార్చి వేసి చూసేది అదే. ఇంట్లో ప్రాక్టీసు చేయాలంటే డమ్మీ తూటా పెట్టుకోండి. లేదంటే అసలు నొక్కొద్దు.

ఇదే అంచు వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దీన్ని కొంచెం విడమరిచి చెప్తాను, ఎందుకంటే పాత .22ల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. .22 బుల్లెట్ సీసంతో చేసింది, పైన మైనం లాంటి లూబ్రికెంట్ పూసి ఉంటుంది. కాల్చిన కొద్దీ ఆ మైనం, మసి కలిసి ఛాంబర్ నోటి దగ్గర, అంచు కూర్చునే మెట్టులో గట్టిగా అతుక్కుపోతాయి. తూటా అంచు ఆ మెట్టుకి పూర్తిగా ఆనదు, వెంట్రుక వాసి వెనకే ఆగుతుంది. పిన్ వచ్చి కొట్టినప్పుడు ఆ దెబ్బలో కొంత బలం తూటాను ముందుకు తోయడానికే పోతుంది. మిగిలిన బలం మందు అంటుకోవడానికి చాలదు. తూటా పేలదు.

నర్సంపేట వైపు నుంచి ఒక మిత్రుడు తన రైఫిల్‌తో రేంజ్‌కి వచ్చాడు. పదిట్లో రెండు తూటాలు పేలడం లేదన్నాడు. హ్యామర్ స్ప్రింగు నీరసించింది, కొత్తది వేయించమని ఎవరో చెప్పారట. స్ప్రింగు సంగతి తర్వాత, ముందు ఖోఖాలు చూద్దాం అన్నాను. పేలిన వాటిని, పేలని వాటిని పక్కపక్కన పెట్టి అంచు మీద గుంటలు చూశాం. కొన్నిటికి లోతుగా, శుభ్రంగా పడింది. కొన్నిటికి గోరుతో నొక్కినట్టు పైపైన ఉంది. స్ప్రింగు నిజంగా నీరసిస్తే గుంటలన్నీ ఒకే తీరుగా లోతు తక్కువగా ఉండాలి. ఒకటి లోతు, ఒకటి పైపైన అంటే తూటా కూర్చునే చోటు మీదే అనుమానపడాలి. రైఫిల్ విప్పి ఛాంబర్ నోరు చూస్తే నెలవంక ఆకారంలో నల్లటి పెచ్చు. స్పిరిట్‌తో తడిపి కాసేపు నాననిచ్చి, వెదురు పుల్ల చెక్కి దాని కొసతో గీరితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఇత్తడి బ్రష్‌తో తుడిచి ఆరబెట్టాక ఆ రోజంతా ఒక్క తూటా కూడా మొరాయించలేదు. స్ప్రింగు పాతదే ఉంది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

తూటా పేలనప్పుడు ఏం చేయాలో పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. వెంటనే లివర్ తెరవొద్దు. బ్యారెల్‌ని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆగాకే తెరవాలి.

శుభ్రం చేయడం దగ్గరికి వస్తాను. మార్లిన్ 39ఎకి కుడి పక్కన చేత్తో తిప్పే పెద్ద స్క్రూ ఒకటుంది. అది తీస్తే రైఫిల్ రెండు ముక్కలవుతుంది, ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్టు బయటికొస్తుంది. అంటే బ్యారెల్‌ని వెనక నుంచి శుభ్రం చేసుకోవచ్చు. ఇది పెద్ద వరం. బ్యారెల్ కొసను క్రౌన్ అంటారు. బుల్లెట్ బయటికి పోతూ చివరగా తాకేది ఆ అంచునే. అది ఒక పక్క అరిగితే వెనక నుంచి వచ్చే గ్యాసు బుల్లెట్‌ని ఒక పక్కకి తోస్తుంది, ఎంత మంచి తూటా అయినా చెదిరిపోతుంది. ముందు నుంచి ఇనుప రాడ్ దోపి దోపి క్రౌన్ అరగదీసిన రైఫిళ్లు చాలా చూశాను. వెనక నుంచి తోసేటప్పుడు మాత్రం మార్లిన్ లోపల ఎడమ పక్కనున్న ఎజెక్టర్‌ని (ఖోఖాని బయటికి విసిరేది) అణిచి పెట్టుకోండి, రాడ్ తగిలి అది విరిగితే వెతుక్కోవాలి. బి.ఎల్.-22 లాంటివి ఇలా విడిపోవు. వాటికి ఎన్.సి.సి. వాళ్లకు తెలిసిన పుల్ త్రూ తాడు, దానికి కట్టే చిందీ గుడ్డే ఉత్తమం. ఛాంబర్ వైపు నుంచి తాడు వేసి ముందుకు లాగండి.

ఎంత తరచుగా అంటారా? .22 బ్యారెల్‌కి అతి శుభ్రం కూడా మంచిది కాదు. లోపల పరుచుకున్న మైనం పొరే దానికి రక్షణ. మొత్తం తోమేస్తే మొదటి కొన్ని తూటాలు ఎటో పడతాయి, మళ్లీ పొర ఏర్పడ్డాకే ఒకచోటికి వస్తాయి. బ్యారెల్‌కి ఒకటి రెండు చిందీలు లాగితే చాలు. ఛాంబర్ నోటికి, బోల్టు ముఖానికి, ఖోఖాని వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కిందికి మాత్రం ప్రతిసారీ బ్రష్ పోవాలి. షార్ట్ తూటాలు ఎక్కువగా కాల్చే వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అవి పొట్టివి కాబట్టి వాటి ముందు ఛాంబర్‌లో మసి కట్టు పడుతుంది, ఆ తర్వాత లాంగ్ రైఫిల్ తూటా బిగుసుకుంటుంది.

నూనె విషయంలో మనవాళ్ల చెయ్యి పెద్దది. వానాకాలం తుప్పు పడుతుందని భయం, అది నిజమే. కానీ నూనె ఎక్కువైతే పిన్ గాడిలోకి దిగి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, పత్తి నుసి ఎక్కడికి దూరుతుందో మీకే తెలుసు. రైఫిల్‌ని నిలబెట్టి పెడితే నూనె మెల్లగా వెనక్కి కారి కర్రలోకి ఇంకుతుంది. లోహం, కర్ర కలిసే చోట కర్ర నల్లబడి మెత్తబడుతుంది, చివరికి పగులుతుంది. పల్చటి మెషిన్ ఆయిల్ గుడ్డకు అంటించి పైపైన తుడవండి. పిన్ గాడి, ఛాంబర్ పొడిగా ఉండాలి. కర్రకు అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి, మిగిలింది తుడిచేయండి. వాల్‌నట్ కర్ర లోపలి గీతలు బయటపడి మెరుస్తుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! రెక్సిన్ సంచిలో మాత్రం దాచొద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది.

ఇక స్క్రూలు. ఫిట్టర్‌గా ఇది నా సొంత గడ్డ. బజార్లో దొరికే మామూలు స్క్రూడ్రైవర్ మొన వాలుగా ఉంటుంది. స్క్రూ గాడిలో పై అంచుల్నే పట్టుకుంటుంది, బలం పెడితే జారి గాడి చిరిగిపోతుంది. గాడి అడుగుదాకా నిండుగా కూర్చునేలా, పక్కలు సమానంగా ఉన్న మొన కావాలి. ఒక్కో స్క్రూకి ఒక్కో మొన సరిపోతుంది. విప్పాల్సిన పని లేనప్పుడు బిగుతు చూసి వదిలేయండి. మార్లిన్‌లో ఆ పెద్ద స్క్రూ కొంచెం వదులైనా రైఫిల్ రెండు సగాల మధ్య కదలిక వస్తుంది, గ్రూపు, అంటే టార్గెట్ మీద దెబ్బల గుంపు, విచ్చుకుపోతుంది. ప్రతిసారీ కాల్చడం మొదలుపెట్టే ముందు బొటనవేలితో ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. చెయ్యి బిగుతు చాలు, ప్లయర్ పెట్టొద్దు. బ్యారెల్ కింద ఉండే మ్యాగజీన్ గొట్టం పట్టీలు కూడా చూడండి.

ట్రిగ్గర్ బరువు తెలుసుకోవాలనుంటే చేపలమ్మే వాళ్ల దగ్గర ఉండే కొక్కెం తూకం సరిపోతుంది. ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, డమ్మీ తూటా పెట్టి, మెల్లగా లాగండి. రెండు కిలోల చుట్టుపక్కల ఉండి, ప్రతిసారీ ఒకేలా వదిలితే దాన్ని అలాగే ఉంచండి. పాత లివర్ రైఫిళ్లకు అది సహజం. ఒకసారి ఒకలా, ఒకసారి ఇంకోలా వదిలితే లోపల పాత నూనె గడ్డకట్టి ఉండొచ్చు. కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి చూడండి. అప్పటికీ మారకపోతే గన్‌స్మిత్ దగ్గరికి పోవాలి.

కొంతమంది పెద్దలు చూపు ఆనడం లేదని రైఫిల్ పక్కన పెట్టేశారు. అది నాకు బాధ కలిగించే విషయం. యాభై దాటాక వెనక సైట్, ముందు సైట్, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడవు. వెనక వి ఆకారం గాడి స్థానంలో చిన్న రంధ్రం ఉండే పీప్ సైట్ బిగిస్తే చాలా తేడా ఉంటుంది. సన్నని రంధ్రంలోంచి చూస్తే దగ్గరవీ దూరంవీ రెండూ తేటపడతాయి. వెనక సైట్‌ని కంటికి వదిలేయండి, అదే మధ్యకు వెతుక్కుంటుంది. మీ దృష్టి ముందు సైట్ మీదే ఉండాలి. 39ఎ ఖోఖాని పక్కకి విసురుతుంది, పైన మూసి ఉంటుంది కాబట్టి స్కోప్ కూడా కుదురుతుంది. సైట్ జరిపేటప్పుడు గుర్తు: తూటా ఎటు పడాలో వెనక సైట్‌ని అటే జరపాలి.

తూటా ఎంపిక దగ్గర ఓపిక కావాలి. ఒకే మోడల్, పక్కపక్క నంబర్లున్న రెండు రైఫిళ్లకు కూడా వేర్వేరు తూటాలు నచ్చుతాయి. వేగం ఎక్కువుంటే మంచిదని అనుకుంటాం. లెక్క చూడండి. స్టాండర్డ్ వెలాసిటీ .22 సెకనుకి సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. హై వెలాసిటీ అయితే 370 మీటర్ల పైన. మన ఎండల్లో, 35 డిగ్రీల దగ్గర, శబ్దం వేగం 352 మీటర్లు. హై వెలాసిటీ బుల్లెట్ శబ్దం కంటే వేగంగా బయల్దేరి, దారిలో వేగం తగ్గుతూ ఆ హద్దు దాటి కిందికొస్తుంది. ఆ దాటే చోట గాలి దాన్ని కుదుపుతుంది. స్టాండర్డ్ తూటాకి ఆ కుదుపే లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ తూటాలు మెల్లగా పోయేవే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడేది ఈ .22 లాంగ్ రైఫిల్ తూటానే. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే.

దొరికిన రెండు మూడు రకాలు తీసుకోండి. దిండు మీద రైఫిల్ ఆనించి, ఒకే రోజు, ఒకే దూరంలో కాల్చండి. రకం మార్చినప్పుడు బ్యారెల్‌లో కొత్త మైనం పరుచుకునేదాకా మొదటివి లెక్కపెట్టొద్దు. తర్వాత ఐదేసి తూటాల గ్రూపులు కొన్ని కాల్చి, టార్గెట్ కాగితం మీదే తూటా పేరు, తేదీ రాసుకోండి. ఒక్క మంచి గ్రూపు చూసి మురిసిపోవద్దు, అన్నిట్లో పెద్దదాన్ని కూడా చూడండి. ఓపెన్ సైట్ పాత లివర్ రైఫిల్ 50 మీటర్లలో అంగుళన్నర లోపల పెడుతుంటే దాని మీద ఇక చెయ్యి వేయకండి, మీ ఊపిరి మీద, వేలి మీద పని చేయండి.

మనకు వరంగల్‌లో ఎక్కడంటే అక్కడ కాల్చే వీలు లేదు, ఉండకూడదు కూడా. చెలక చివర, చెరువు కట్ట కింద అని ఎవరూ అనుకోవద్దు. .22 చిన్నదే కానీ పైకెత్తి కాలిస్తే రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. అడవి అంటారా, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ మాటే లేదు. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో జంతువుల్ని కళ్లతో చూసి రావడమే. కాల్చాలంటే అనుమతి ఉన్న రేంజే. గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన రేంజ్ ఉంది. పొద్దున్నే బయల్దేరి పోవాలి. అక్కడికెళ్లాక గొట్టం నింపుకుని తొందరపడి ఖాళీ చేస్తే ఏం రుచి? 39ఎ గొట్టంలో 19 లాంగ్ రైఫిల్ తూటాలు పడతాయి. నేను ఐదే వేసుకుంటాను. లివర్‌ని పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి. సగంలో ఆపితే తూటా అడ్డం పడుతుంది. ఆ కదలికలో బోల్టు జారడం, తూటా లేచి ఛాంబర్‌లోకి పోవడం వేళ్లకు తెలుస్తుంది. ప్రతి దెబ్బకీ మధ్య ఆ పని ఉండటమే ఈ రైఫిల్‌లో నాకు నచ్చేది. చెయ్యి పని చేస్తుంటే మనసు స్థిమితపడుతుంది.

గొట్టం రైఫిల్‌తో ఒక ప్రమాదం ఉంది, ఇది అందరూ వినాలి. నింపేటప్పుడు చెయ్యి బ్యారెల్ కొస దగ్గరే ఉంటుంది. మొహం గానీ, అరచెయ్యి గానీ కొస ముందుకి రాకుండా పక్కనుంచి నింపండి. ఖాళీ చేశాక గొట్టంలో ఒక తూటా ఇరుక్కుని ఉండొచ్చు, తూటాను పైకెత్తే లిఫ్టర్ మీద ఒకటి ఉండిపోవచ్చు. లోపలి ఇత్తడి గొట్టం బయటికి లాగి, లివర్ చాలాసార్లు ఆడించి, ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమితేనే ఖాళీ అనాలి. 1988కి ముందు 39ఎలకు అడ్డంగా నొక్కే సేఫ్టీ బటన్ లేదు, హాఫ్ కాక్ ఒక్కటే, అంటే హ్యామర్‌ని సగం వెనక్కి లాగి ఆపే గాడి. ఛాంబర్‌లో తూటా ఉండగా హ్యామర్‌ని బొటనవేలితో దించే పని ఇంట్లో, కార్లో ఎప్పుడూ పెట్టుకోకండి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం తినకూడదు.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి కదా, అది కూడా చెప్పి ముగిస్తాను. ఇచ్చే ముందు బ్యారెల్ లోపల, బయట పల్చగా నూనె పట్టించండి. కొసలో గుడ్డ కుక్కొద్దు. తేమ పట్టి అక్కడే తుప్పు మొదలవుతుంది, పైగా మర్చిపోయి కాలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది. రసీదు మీద నంబరు సరిగ్గా ఉందో లేదో అక్కడే చదివి చూసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి, వెనక నుంచి వెలుతురు పెట్టి బ్యారెల్ పొడవునా చూడండి. పొడి చిందీలు రెండు లాగి నూనె తీసేశాకే రేంజ్‌కి తీసుకెళ్లండి. తూటాలు విడిగా, తాళంలో, పిల్లలకు అందని చోట ఉండాలి.

ఇక మీరు అడగండి. వెనక కూర్చున్న పిల్లలు ముందు అడగండి, పెద్దలు ఆ తర్వాత.